పెడల్ నర్మ్ అయితే బూస్టర్‌ని తిట్టకండి

ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా ఏ మెకానిక్ షెడ్డుకెళ్లి "బ్రేకు పెడల్ మెత్తగా పోతోంది ఉస్తాద్" అని చెప్పండి, ముందు వచ్చే జవాబు ఒకటే: "బూస్టర్ పోయుంటాది భాయ్." ఆ మాట అన్నవాడు అప్పటికి బానెట్ కూడా ఎత్తి ఉండడు. వినేవాడు కూడా మారు మాట్లాడడు, జేబులో చెయ్యి పెట్టి ఎంతవుతుందని అడుగుతాడు.

ఈ మాట గలత్. బూస్టర్ పోతే పెడల్ మెత్తబడదు, రాయిలా బిగుసుకుంటుంది. మెత్తబడిన పెడల్‌కీ చెడిపోయిన బూస్టర్‌కీ రిష్తా దాదాపు లేదు. ఆ 'దాదాపు' ఎందుకో కింద చెబుతాను. ఈ ఒక్క గలత్‌ఫహమీ వల్ల మన ఇలాఖాలో బాగున్న సామాను పీకేసి కొత్తది వేయించుకుని వేలకు వేలు బర్బాద్ చేసుకుంటున్నవాళ్లు ఉన్నారు. డబ్బు పోతే పోయింది, మళ్లీ సంపాదించుకోవచ్చు. బూస్టర్ మార్చాక కూడా అసలు రోగం అలాగే ఉండిపోతుంది కదా, ఆ గాడీలోనే మన అమ్మీలు, ఆపాలు, ఒళ్లో పసిబచ్చాలు కూర్చుని సఫర్ చేస్తున్నారు. నా ఫికర్ అది.

నేను మిస్త్రీని కాదు, వార్తలు రాసి బతికేవాణ్ణి. ఉర్దూ మీడియం బడిలో చదువుకుని, తెలుగులో డిగ్రీ చేసి, రెండు జుబాన్‌ల మధ్య నలిగినవాణ్ణి. అందుకే నాకు సామాను కంటే ముందు మాటలు కనబడతాయి. యాక్సిడెంట్ వార్తల్లో మేం రాసే వాక్యం ఒకటుంది: "బ్రేకులు ఫెయిలవడంతో వాహనం అదుపు తప్పింది." ఏళ్ల తరబడి అచ్చవుతున్న వాక్యం ఇది. ఇందులో మనిషి లేడు, తారీఖు లేదు. బ్రేకులు వాటంతటవే, ఆ నిమిషంలోనే, ఎవరికీ చెప్పకుండా ఫెయిల్ అయ్యాయన్నట్టు ఉంటుంది. కానీ ఏ తజుర్బా ఉన్న ఉస్తాద్‌నైనా అడగండి. ఉన్నట్టుండి పైపు పగిలిపోయే గాడీలు తక్కువ. ఎక్కువ గాడీలు వారాల ముందు నుంచి, కొన్ని నెలల ముందు నుంచి డ్రైవర్ కాలికి ఖబర్ పంపుతూనే ఉంటాయి. పెడల్ నిన్నటి కంటే ఒక అంగుళం కిందికి పోయిందని, రెండోసారి తొక్కితేగానీ పట్టడం లేదని. ఆ ఖబర్ అందుకున్నవాడు ఏం చేశాడన్నదే అసలు సవాల్. 'ఫెయిల్' అనే మాట ఆ సవాల్‌ను దాచేస్తుంది.

ఇక అసలు సంగతి.

బ్రేకు పెడల్ తొక్కితే చక్రం దగ్గర ప్యాడో షూనో బిగుసుకోవడానికి మధ్యలో ఉన్నది ద్రవం. నీళ్లలాంటి ద్రవాన్ని ఎంత నొక్కినా అది కుంచించుకోదు, ఇటు నొక్కితే అటు తోస్తుంది. దీన్ని ఆదోని వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. మన ప్రెస్సుల్లో దూదిని 170 కిలోల బేలుగా బిగించేది ఇదే సూత్రం. సన్న పైపులో నొక్కిన దబావ్ పెద్ద పిస్టన్ కింద కొండంత బలమవుతుంది. ఇప్పుడు ఆ ప్రెస్సులోని రెండు సరుకులనే తీసుకోండి. ద్రవం నొక్కుడుపడదు, దూది నొక్కుడుపడుతుంది. బ్రేకు పైపులో గాలి చేరిందంటే పైపు మధ్యలో దోసెడు దూది కూరినట్టే. మీరు తొక్కిన బలం ముందు ఆ దూదిని అణచడానికే ఖర్చవుతుంది, మిగిలింది చక్రానికి పోతుంది. కాలికి స్పంజి తొక్కినట్టు ఉంటుంది. షెడ్డులో "ఎయిర్ పట్టింది" అనేది దీన్నే. నర్మ్ అనే జబ్బుకు మూలం ఎప్పుడూ ఈ ద్రవం దారిలోనో, చక్రం దగ్గరి ఖాళీలోనో ఉంటుంది.

మరి బూస్టర్ ఏం చేస్తుంది? పెడల్ వెనక, ఇంజన్ గదిలో గోడకు ఆనించి నల్లటి గుండ్రటి డబ్బా ఉంటుంది చూడండి, అదే. లోపల రబ్బరు పొర ఒకటి, దానికి రెండు వైపులా గాలి తీసేసిన చోటు. మా ఉర్దూ సైన్సు పుస్తకంలో దీన్ని 'ఖలా' అన్నారు. పలకడం సరిగ్గా రాని పిల్లలు 'ఖాలా' అని చదివితే క్లాసంతా నవ్వేది, చిన్నమ్మ డబ్బాలో ఎందుకు కూర్చుందని. తర్వాత తెలుగులో 'శూన్యం' అని నేర్చుకున్నాను. షెడ్డు పిల్లలు రెండూ ఎరగరు, వాళ్లకది వ్యాక్యూమ్. పేరు ఏదైనా పని ఒకటే. మీరు పెడల్ తొక్కగానే పొరకు ఒక వైపు బయటి గాలిని లోపలికి వదులుతుంది, రెండో వైపు ఖలా అలాగే ఉంటుంది. గాలికి బరువు లేదనుకుంటాం గానీ ప్రతి చదరపు సెంటీమీటరు మీద అది సుమారు ఒక కిలో బలంతో నొక్కుతుంది. ఎనిమిది అంగుళాల పొర మీద లెక్కేసుకుంటే, ఖలా పూర్తిగా లేకపోయినా 200 కిలోలకు పైనే అవుతుంది. మన కాలికి తోడు ఆ బలం వచ్చి మాస్టర్ సిలిండర్‌ను తోస్తుంది. ఈ డబ్బా పనిచేయకపోతే ఆ తోడు పోతుంది, అంతే. అప్పుడు పెడల్ సఖ్త్ అవుతుంది, రెండు కాళ్లతో తొక్కాలనిపిస్తుంది.

అయినా డ్రైవర్లు బూస్టర్ మీదే ఎందుకు పడతారు? దానికి కారణం ఉంది, వాళ్లు మూర్ఖులు కారు. ఇంజన్ ఆపి తొక్కితే పెడల్ గట్టిగా పైనే ఉంటుంది, స్టార్ట్ చేసి తొక్కితే కిందికి పోతుంది. చూసినవాడు ఏమనుకుంటాడు? ఇంజన్‌తో నడిచేది బూస్టర్, కాబట్టి బూస్టరే దొంగ. నిజానికి జరిగింది వేరు. పైపులో ఉన్న గాలిని అణచడానికి మీ ఒక్క కాలి బలం చాలలేదు, బూస్టర్ తోడొచ్చాక చాలింది. అంటే బూస్టర్ బ్రహ్మాండంగా పనిచేస్తోందని సబూత్ అది. నిజం చెప్పిన గవాహిని పట్టుకుని జైల్లో వేసినట్టుంది మన వ్యవహారం.

ఏది పోయిందో తేల్చుకోవడానికి మిషన్లు అక్కర్లేదు, కాలు చాలు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి తొక్కుడు కర్ర కాస్త వదులైనా కళ్లతో చూడకుండా కాలితోనే కనిపెడతాడు. బ్రేకు దగ్గర కూడా పని ఇంతే.

ముందు ఇంజన్ ఆపి ఉండగా పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి. డబ్బాలో మిగిలిన ఖలా అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. ఇప్పుడు కాలు తీయకుండా, మామూలుగా అదిమి పట్టి, స్టార్ట్ చేయండి. పెడల్ కాలికింద కొద్దిగా దిగాలి. దిగిందా, బూస్టర్ తన పని చేస్తున్నట్టే, దాని జోలికి పోవద్దు. దిగలేదంటే మాత్రం బూస్టర్‌నీ, దానికొచ్చే రబ్బరు పైపునీ, ఆ పైపు మొదట్లో ఉండే చిన్న వాల్వునీ చూడాలి. డీజిల్ గాడీ అయితే ఇంకొకటి ఉంటుంది. పెట్రోలు ఇంజన్ పీల్చే గాలితోనే ఖలా తయారవుతుంది. డీజిల్ ఇంజన్‌లో అలా సరిపోదు కాబట్టి వ్యాక్యూమ్ పంపు అని ప్రత్యేకంగా పెడతారు. చాలాసార్లు పంపు అరిగిపోయి ఉంటుంది, బిల్లు బూస్టర్‌కు పడుతుంది. తొక్కినప్పుడు కాళ్ల దగ్గర సుయ్‌మని గాలి పీల్చే చప్పుడు ఆగకుండా వస్తుంటే లోపలి పొర చినిగిందని అనుమానించాలి.

తర్వాత ఇంజన్ నడుస్తుండగా పెడల్‌ను గట్టిగా అదిమి, ఒక నిమిషం అలాగే పట్టుకోండి. నెమ్మదిగా, మంచులా, కిందికి జారుతోందా? అయితే ద్రవం ఎటో పోతోంది. నాలుగు చక్రాల లోపలి వైపు, పైపుల కీళ్ల దగ్గర తడి ఉందేమో చూడాలి. ఎక్కడా తడి లేదు, డబ్బాలో లెవెలూ తగ్గలేదు, అయినా జారుతోందంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లు అరిగి ద్రవం ముందు నుంచి వెనక్కి తప్పించుకుంటోంది. లెవెల్ తగ్గుతోంది, బయట చుక్క తడి లేదు అంటే ఇంకా దొంగ రోగం. మాస్టర్ సిలిండర్ వెనక సీలు నుంచి కారి బూస్టర్ డబ్బాలోకే పోతుంది. అక్కడ రబ్బరు పొరను తినేస్తుంది. పాపం బూస్టర్, ఇక్కడ నేరం చేసింది కాదు, దెబ్బ తిన్నది.

మూడోది అందరికీ అలవాటైనదే, కానీ మందుగా అలవాటైంది, పరీక్షగా కాదు. వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కడం. మొదటిసారి లోపలికి పోయి, రెండోసారి పైకొచ్చి గట్టిగా నిలబడిందంటే వెనక డ్రమ్ముల్లో షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరిగింది. వాటిని సరిచేసే పళ్ల చక్రం తనంతట తాను తిరగాల్సింది, మన నల్లరేగడి బురద ఎక్కి బిగుసుకుపోయి ఉంటుంది. ఆలూరు, హొళగుంద దారుల్లో వానాకాలం తిరిగిన గాడీల డ్రమ్ము విప్పితే లోపల పొలం కనబడుతుంది. రెండోసారి పైకొచ్చినా స్పంజిలా ఊగుతోందంటే అది గాలి.

ఇప్పుడు ఆ 'దాదాపు' సంగతి. బూస్టర్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య చిన్న రాడ్డు ఉంటుంది. ఎవరో బూస్టర్ మార్చినప్పుడు దాని పొడవు కొలవకుండా బిగిస్తే, పొట్టిగా ఉన్నంత మేర పెడల్ ఖాళీగా పోతుంది. అంటే బూస్టర్ వల్ల పెడల్ కిందికి పోయేది ఎక్కువగా బూస్టర్ అనవసరంగా మార్చిన గాడీలోనే! ఈ లతీఫా మీద నవ్వాలో ఏడవాలో తెలీదు.

మాటల దగ్గరికే మళ్లీ వస్తాను. మనం 'బ్రేక్ ఆయిల్' అంటాం. ఈ పేరే సగం ఖరాబు చేసింది. అది ఆయిల్ కాదు. ఇంజన్ ఆయిల్ జాతి కాదు, స్టీరింగ్ ఆయిల్ జాతి అసలే కాదు. ఆయిల్ అన్నాం కాబట్టి, దారిలో తగ్గితే ఏ ఆయిల్ దొరికితే ఆ ఆయిల్ పోసేవాళ్లు ఉన్నారు. "కొంచెమే కదా, ఇంటికి చేరుతాం" అని. ఆ కొంచెమే చాలు. బ్రేకు లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. ఆ తర్వాత డబ్బా కడిగి కొత్తది పోస్తే సరిపోదు, మాస్టర్ నుంచి చక్రాల దాకా ప్రతి రబ్బరూ మార్చాలి. ఆయిల్ నీళ్లతో కలవదు. ఇది దానికి పూర్తిగా ఉల్టా, గాలిలో ఉన్న తేమను తాగుతుంది. సగం వాడిన బాటిల్ మూత లేకుండా షెడ్డు గూట్లో ఆరు నెలలు పెట్టి, "కొత్తదే, నిన్ననే తెరిచా" అని పోస్తే మీరు పోయించుకుంటున్నది నీళ్లు కూడా. ఇంకో అలవాటు కూడా ఉంది. ఎయిర్ తీసేటప్పుడు చక్రం దగ్గర బాటిల్‌లోకి వచ్చిన పాత ద్రవాన్ని మళ్లీ పైన డబ్బాలో పోయడం. పొదుపు అంటారు దీన్ని. రోగి ఒంట్లోంచి తీసిన చీమును మళ్లీ ఎక్కించడం ఏ రకం పొదుపో నాకు అర్థం కాదు.

నీళ్లు కలిస్తే ఏమవుతుందన్న దగ్గరే ప్రాణాల సంగతి ఉంది. బాటిల్ మీద డాట్ 3, డాట్ 4 అని రాసి ఉంటుంది. సీలు తీసిన తాజా డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230. అదే ద్రవం నాలుగు శాతానికి లోపే నీళ్లు పీల్చుకున్నా డాట్ 3 మరిగే వేడి 140కి, డాట్ 4ది 155కి పడిపోవచ్చని ఆ ప్రమాణాలే ఒప్పుకుంటాయి. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు చదును దారిలో పోతే ఆ వేడి ఎప్పుడూ రాదు. అందుకే మన గాడీలు ఐదారేళ్లు అదే నల్లటి కషాయంతో, డికాక్షన్ రంగు ద్రవంతో తిరుగుతాయి, ఏమీ కాదు. "చూశావా, ఏమైంది?" అని ఓనర్ మీసం దువ్వుతాడు.

అదే గాడీ నల్లమల ఎక్కితే?

మన పడమటి కర్నూలు సంగతి తెలిసిందే. వాన పడకపోతే, పడినా పంట నిలవకపోతే, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి. ఇళ్లకు తాళాలు, ముసలోళ్లు మాత్రం మిగులుతారు. గుంటూరు మిరపచేలకు పోయే ఆ గాడీల్లో మన ఖౌమ్ వాళ్లూ ఉంటారు, బోయలూ, మాదిగలూ, అందరూ ఉంటారు. సామాను, పిల్లలు, పొయ్యి, బియ్యం మూటలు అన్నీ కలిపి గాడీ మోయాల్సిన దానికి ఎంత ఎక్కువో తూకమేసిన నాథుడు లేడు. ఆత్మకూరు దాటి దోర్నాల వైపు ఘాట్ దిగుతున్నప్పుడు డ్రైవర్ కాలు బ్రేకు మీదే ఉంటుంది. డ్రమ్ములు, డిస్కులు కాలిపోతాయి, ఆ వేడి ద్రవానికి ఎక్కుతుంది. నీళ్లు తాగిన పాత ద్రవం మరిగి ఆవిరి అవుతుంది. ఆవిరి అంటే గాలి, గాలి అంటే దూది. ఉదయం నుంచి బాగానే ఉన్న పెడల్ ఒక్క మలుపులో నేలకంటుకుంటుంది.

విచిత్రం ఏంటంటే, ఎలాగో గాడీని కొండకు ఆనించి ఆపి, అరగంట కూర్చుని, వేడి తగ్గాక తొక్కితే పెడల్ మళ్లీ మామూలుగా ఉంటుంది. మెకానిక్ వచ్చి చూసి ఏమీ లేదంటాడు. అప్పుడు మొదలవుతాయి కథలు. ఆ మలుపులో ఏదో ఉందని, నజర్ తగిలిందని, బయల్దేరేటప్పుడు ఎవరో వెనక నుంచి పిలిచారని. బంపర్‌కు ఇంకో నిమ్మకాయ, అద్దానికి ఇంకో తావీజ్. ఆ మలుపులో జిన్ను లేదు భాయ్, డబ్బాలో నీళ్లున్నాయి.

దిగుడులో కిందిగేరు వేసి ఇంజన్ బలంతోనే గాడీని ఆపుకుంటూ దిగడం పాత లారీ డ్రైవర్లకు ఫర్జ్ లాంటిది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులో దిగు అనేవాళ్లు. ఇప్పటి కుర్రాళ్లు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేస్తారు. న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తుంటే బూస్టర్‌కు ఖలా అందుతూనే ఉంటుంది గానీ, ఇంజన్ పట్టు పోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఇంకా అఖల్‌మంద్‌లు కొందరు ఇంజనే ఆపేస్తారు. డబ్బాలో మిగిలిన ఖలా రెండు మూడు తొక్కుళ్లకే వస్తుంది. నాలుగోసారికి పెడల్ రాయి. స్టీరింగ్ పవర్ కూడా ఉండదు. మిగిలే డీజిల్ గ్లాసుడు ఉంటుందేమో. వెనక కూర్చున్న ఇరవై మందిని ఆ గ్లాసుతో తూచి చూడండి.

ఇంకొక ధోకా కూడా చెప్పాలి. ఈ కాలం గాడీల్లో మాస్టర్ సిలిండర్ లోపల రెండు గదులు ఉంటాయి, పైపులు రెండు దారులుగా పోతాయి. ఒక దారి తెగినా రెండోది సగం బ్రేకు ఇస్తుంది. ఇంటిదాకా జాగ్రత్తగా రావడానికి ఇచ్చిన సదుపాయం అది. మనవాళ్లు దాన్ని "లోపలికి పోతాది గానీ పట్టుకుంటాదిలే" అని నెలరోజులు వాడతారు. పట్టుకుంటాదిలే! ఈ 'లే' అనే అక్షరం ఎంతమందిని ఖబరస్తాన్‌కు పంపిందో.

ఒక డ్రైవర్ సాహెబ్ నాతో అన్న మాట దాచను. "మీరు రాస్తారు భాయ్, మాకు నెల కాగానే ఫైనాన్స్ కిస్తీ. గాడీ రెండు రోజులు షెడ్డులో పెడితే ఆ కిస్తీ ఎవరు కడతారు? ఓనర్‌కు చెప్తే ఇంకో డ్రైవర్‌ను చూసుకుంటానంటాడు." ఇది నిజమైన మజ్బూరీ. కిరాయి గాడీ తోలే మన పిల్లల్లో ఎక్కువమంది జీతగాళ్లే, వాళ్ల మీద కోపగించి లాభం లేదు. నా కోపం ఓనర్ల మీద. అరలీటరు మంచి బ్రేకు ద్రవం రెండు మూడు వందల్లో వస్తుంది. మొత్తం తీసి కొత్తది నింపి, ఎయిర్ తీసే పని పూట కంటే ఎక్కువ పట్టదు. రెండేళ్లకోసారి మార్చమని చాలా కంపెనీల పుస్తకాల్లోనే ఉంటుంది. ఆ పుస్తకం గాడీతో పాటే వస్తుంది, సీటు కవర్లు మార్చిన రోజు పోతుంది. అదే ఓనర్ పాటల సెట్టుకు, రంగురంగుల లైట్లకు, వెనకద్దం మీద స్టిక్కర్‌కు వేలు పోస్తాడు. దూరం నుంచే గాడీ కనబడాలి, వినబడాలి. ఆగాలన్న సోయి మాత్రం లేదు.

కిరాయికి తీసుకునే మనం మాత్రం తక్కువా? నికాకు, వలీమాకు, జియారత్‌కు గాడీ మాట్లాడేటప్పుడు మనం అడిగేవి మూడు: ఎంత, ఏసీ ఉందా, ఎంతమంది పడతారు. పసుపు బోర్డు గాడీ కంటే తెల్లబోర్డు గాడీ ఐదొందలు తక్కువకొస్తే తెల్లదే మాట్లాడతాం. కిరాయి గాడీకి ఎనిమిదేళ్ల లోపు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ కావాలి. ఎఫ్‌సీ గొప్పదని నేననను. ఆ ఒక్క రోజుకు అద్దెకు తెచ్చిన టైర్లు వేసుకుని పోయేవాళ్లున్నారని అందరికీ తెలుసు. అయినా ఒకరెవరో గాడీ కింద తల పెట్టి చూసే అవకాశమన్నా ఉంది. సొంతవాడకం తెల్లబోర్డు గాడీకి కొన్న రోజు నుంచి 15 ఏళ్ల దాకా ఆ మాత్రం కూడా లేదు. దాంట్లో పన్నెండు మందిని కుక్కి గుల్బర్గా పోతాం.

2021 ఫిబ్రవరి 14 మన ఇళ్లలో చాలామందికి గుర్తుండాలి. మదనపల్లె నుంచి అజ్మీర్ జియారత్‌కు బయల్దేరిన ఖాందాన్ ప్రయాణిస్తున్న గాడీ మన జిల్లాలోనే, వెల్దుర్తి మండలం మాదార్పురం దగ్గర తెల్లవారుజామున డివైడర్ దాటి లారీని కొట్టింది. 14 మంది ఇంతిఖాల్ అయ్యారు. అది బ్రేకుల వల్ల జరిగిందని నేను అనడం లేదు. నన్ను కలవరపెట్టింది ఆ తర్వాత మన మాటలు. టీ కొట్ల దగ్గర, మస్జిద్ మెట్ల మీద, అందరి నోటా ఒకటే మాట, తఖ్దీర్. మౌత్ ఎక్కడ రాసి ఉంటే అక్కడికి తీసుకెళుతుందని. ఈమాన్ ఉన్నవాడు తఖ్దీర్‌ను కాదనడు, నేనూ కాదనను. కానీ బయల్దేరే ముందు చేయాల్సిన పనికి బదులుగా తఖ్దీర్‌ను వాడుకోవడం దానికి చేసే తౌహీన్. డాక్టర్ దగ్గరికి పోతాం, షుగర్ మాత్ర మింగుతాం, అక్కడ తవక్కుల్‌కు అడ్డం రానిది గాడీ బానెట్ ఎత్తితే ఎందుకు అడ్డం వస్తుంది? ముసాఫిర్‌లు డ్రైవర్ చేతిలో అమానత్. అమానత్ మాట జుమా ఖుత్బాలో ఎన్నిసార్లు విన్నాం! డబ్బు, బంగారం, పొలం గురించే విన్నాం. పెడల్ గురించి కూడా ఒకసారి ఎవరైనా చెబితే బాగుండు.

షెడ్డుల సంగతి చెప్పకుండా ఉంటే నాఇన్సాఫీ అవుతుంది. మన మొహల్లాల్లో చదువు మానేసిన పిల్లాణ్ణి పెట్టే మొదటి చోటు షెడ్డు. ఉస్తాద్ దగ్గర షాగిర్ద్. పదేళ్లకు వాడి చేతికి వచ్చే హునర్‌ను నేను తక్కువ చేయను. ఇంజన్ చప్పుడు విని ఏ సిలిండర్ కొట్టుకుంటోందో చెప్పే పిల్లలున్నారు. లోపం ఎక్కడంటే, ఆ ఇల్మ్ అంతా 'ఏం మార్చాలి' అన్న దగ్గర మొదలవుతుంది, 'ఎందుకు పోయింది' అన్న దగ్గర కాదు. ఆ పిల్లల తప్పు కాదిది. పరీక్ష చేసినందుకు మనం డబ్బులివ్వం. సామాను మారిస్తేనే ఇస్తాం. గంటసేపు నాలుగు చక్రాలు విప్పి చూసి "మీ గాడీకి ఏమీ మార్చక్కర్లేదు, షూలు దగ్గరికి జరిపాను" అన్న మిస్త్రీకి వంద రూపాయలివ్వడానికి ఏడుస్తాం. బూస్టర్ మార్చినవాడికి వేలు ఇచ్చి షుక్రియా చెబుతాం. ఇక వాడు ఏం నేర్చుకుంటాడు? ఒక మాట ఆ పిల్లలకు కూడా: డ్రమ్ము విప్పగానే గాలిపైపు పెట్టి ఆ నల్లటి దుమ్ము ఊదకండి బేటా. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. తడి గుడ్డతో తుడవండి.

కొత్త గాడీలున్నవాళ్లకు కూడా ఒక సంగతి. ఏబీఎస్ ఉన్న కొన్ని గాడీల్లో మామూలుగా చక్రం దగ్గర నిప్పిల్ వదులుచేసి ఎయిర్ తీస్తే పూర్తిగా పోదు, ఏబీఎస్ డబ్బా లోపల మిగిలిపోతుంది. దానికి కంప్యూటర్ పెట్టి తీయాలి. అది లేని షెడ్డులో మూడుసార్లు ఎయిర్ తీయించినా పెడల్ నర్మ్‌గానే ఉంటే, అక్కడ బూస్టర్ మాట వచ్చేలోపు గాడీని కంప్యూటర్ ఉన్న చోటికి తీసుకెళ్లండి.

నడుస్తున్న గాడీలో పెడల్ ఒక్కసారిగా నేలకు పోతే ఏం చేయాలో కూడా ఇంట్లో తోలేవాళ్లందరికీ తెలిసుండాలి. ఇంజన్ ఆపొద్దు. గబగబా తొక్కుతూ ఉండండి, ఎంతో కొంత పైకి రావచ్చు. ఒక్కో గేరూ కిందికి దించండి. హ్యాండ్ బ్రేకు చాలా గాడీల్లో తీగతో నేరుగా వెనక చక్రాలకు పోతుంది, ఈ ద్రవంతో దానికి పని లేదు. కానీ ఒక్కసారిగా గుంజితే గాడీ తిరగబడుతుంది, బటన్ నొక్కిపట్టి కొంచెం కొంచెంగా లాగాలి. ఈ నాలుగు మాటలు చెప్పడానికి చాయ్ తాగినంత సేపు చాలు. మన పిల్లలకు లైసెన్స్ వచ్చిన రోజు మిఠాయి పంచుతాం గానీ ఇవి చెప్పం.

జుల్‌ఖాదా 15 నుంచి గుల్బర్గాలో ఖ్వాజా బందేనవాజ్ ఉర్సు. ఆదోని, ఎమ్మిగనూరుల నుంచి రాయచూరు మీదుగా పోయే గాడీలకు నెల ముందు నుంచే బయానాలు ఇస్తారు. ఈసారి బయానా ఇచ్చేటప్పుడు కిరాయి ఎంత అని అడిగే ముందు, గాడీలో కూర్చుని ఇంజన్ ఆపి నాలుగైదుసార్లు మీరే పెడల్ తొక్కండి, అదిమి పట్టుకుని స్టార్ట్ చేయండి, నిమిషం ఆగండి. ఆపా, మీరైనా సరే, మీ మర్ద్ మొహమాటపడితే మీరే అడగండి: "బ్రేకు ద్రవం ఎప్పుడు మార్చారు భాయ్?" ఓనర్ తారీఖు చెబితే ఎక్కండి. "ఎందుకమ్మా, లెవెల్ నిండా ఉంది" అంటే ఇంకో గాడీ చూసుకోండి.